తెలుగు సినిమా పోస్టర్‌: రాతి అచ్చు నుంచి ఫోన్‌ తెర దాకా

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో పెద్ద హీరో సినిమా విడుదలైతే సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల దగ్గర ఇప్పటికీ కటౌట్లు లేస్తాయి, వాటి మీద పూలదండలు పడతాయి. అక్కడ గుమిగూడే కుర్రాళ్లు మాత్రం ఆ సినిమా పోస్టర్‌ను నెలల ముందే ఫోన్‌లో చూసేసి ఉంటారు. ఈ ఫస్ట్‌ లుక్‌లన్నీ ఒకేలా ఉంటున్నాయని, టైటిల్‌ ఇంగ్లిష్‌లో పెద్దగా కనిపిస్తుంటే తెలుగు వెనక్కి పోతోందని బాధపడేవాళ్లున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. ఇదెలా జరిగిందో తెలియాలంటే పోస్టర్‌ను ఎవరు, ఎక్కడ నిలబడి చూసేవారో గుర్తు చేసుకోవాలి.

తొలి రోజుల్లో పోస్టర్లు లితో పద్ధతిలో, అంటే రాతి అచ్చుతో తయారయ్యేవి. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు కావాలి. ముఖాలను చిత్రకారుడే గీయాలి. అందుకే రంగులు తక్కువగా, ముదురుగా ఉండేవి. తెలుగు సినిమా మద్రాసులో ఉన్నంతకాలం పోస్టర్ల పనీ ఎక్కువగా అక్కడే సాగింది.

ఆ పనికి ప్రత్యేకమైన రూపం ఇచ్చినవాళ్లలో పాలకొల్లు నుంచి వెళ్లిన ఈశ్వర్‌ ముఖ్యుడు. 1967లో బాపు తొలిసారి దర్శకత్వం వహించిన ‘సాక్షి’తో మొదలుపెట్టి, దశాబ్దాల పాటు వందలాది సినిమాలకు పబ్లిసిటీ డిజైన్లు చేశారు. కంప్యూటర్‌ రాకముందు పని ఎలా ఉండేదంటే, స్టిల్స్‌లోంచి నాలుగైదు ఎంచి, ప్రింట్లు వేయించి, కత్తిరించి, అట్ట మీద అతికించి, అతుకులు కనపడకుండా రంగు వేసేవారు. ఆ పైన టైటిల్‌ను కుంచెతో రాసేవారు.

నా దృష్టిలో ఆ టైటిల్‌ రాతే పోస్టర్‌కు ప్రాణం. పౌరాణికానికి బరువైన, నగిషీలున్న అక్షరాలు, కుటుంబ కథకు గుండ్రంగా సాగే రాత, దయ్యం సినిమాకు కారుతున్నట్టుండే గీతలు. చదువు రానివాళ్లు కూడా ఆ రాతను చూసి అదేం సినిమానో పోల్చుకునేవారు. తలకట్టు, కొమ్ము, సున్న, వట్రసుడి ఉన్న మన లిపిలో ఆడుకోవడానికి ఎంత చోటుందో!

బొమ్మల అమరికలోనూ లెక్క ఉండేది. మాస్‌ సినిమా అయితే హీరో ఒక్కడే, కింది నుంచి చూసినట్టు, చేతిలో ఆయుధం, వెనక ఎరుపు. కుటుంబ కథ అయితే అమ్మా నాన్న, అత్తలు, పిల్లలు, మూలన కమెడియన్‌, ఇంటిల్లిపాదీ ఉండాల్సిందే. విడుదలయ్యాకా పోస్టర్‌ పని ఆగదు. ఆడవాళ్లు రావాలనుకుంటే రెండో వారంలో సెంటిమెంట్‌ స్టిల్‌తో కొత్త పోస్టర్‌ పడుతుంది. యాభై రోజులకు, వంద రోజులకు సెంటర్ల పేర్లతో ఇంకోటి.

పరిశ్రమ క్రమంగా హైదరాబాద్‌కు వచ్చింది. ఆఫ్‌సెట్‌ అచ్చుతో ఫొటోలు నేరుగా పోస్టర్‌లోకి ఎక్కాయి. తర్వాత ఫొటోషాప్‌, ఫ్లెక్స్‌ వచ్చాయి. ఫ్లెక్స్‌ దెబ్బకు థియేటర్ల దగ్గర చేత్తో బ్యానర్లు గీసే పెయింటర్ల పని పోయింది. ఆ పనితనాన్ని మనం నిలుపుకోలేకపోవడం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఇక గోడల సంగతి. అనుమతి లేని వాల్‌ పోస్టర్లపై జీహెచ్‌ఎంసీ జరిమానాలు వేస్తోంది. ఊరు శుభ్రంగా ఉండాలంటే అది అవసరమే. 2017 చివర్లో మెట్రో మొదలయ్యాక దాని పిల్లర్లే సినిమాకు కొత్త గోడలయ్యాయి. బండి మీద పోయేవాడికి అక్కడి పోస్టర్‌ను చూడటానికి దొరికేది రెండు మూడు సెకన్లు. అందులో పట్టేవి ఒక ముఖం, ఒక తేదీ.

ఫోన్‌లో చోటు ఇంకా తక్కువ. అరచేతిలో పది ముఖాలు ఆనవు. కాబట్టి ఒకే హీరో, ఒకే చూపు, చీకటి నేపథ్యం. పైగా పాన్‌ ఇండియా సినిమాకు ఒకే బొమ్మ అయిదు భాషల్లోకి వెళ్లాలి. డిజైన్‌ ముందు ఇంగ్లిష్‌ టైటిల్‌తో తయారై, తర్వాత మిగతా లిపులను దాని అచ్చులోకి ఒదిగిస్తే, మన అక్షరాలు ఎవరివో చొక్కా తొడుక్కున్నట్టు ఉంటాయి.

దీన్ని సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. తెలుగు టైటిల్‌ను ఫాంట్‌కు వదిలేయకుండా, తెలుగు అక్షరం రాయగలిగిన ఆర్టిస్టుతో విడిగా, ముందుగా రాయించుకుంటే చాలు. ‘సినిమా పోస్టర్‌’ పేరుతో ఈశ్వర్‌ రాసిన పుస్తకం ఉంది. ఆయన 2021లో వెళ్లిపోయారు. పాత పోస్టర్ల మూలన ఆయన సంతకం ఇంకా కనిపిస్తుంది, తెలుగులోనే.