పాత స్పోర్ట్స్ కారులో కూలెంట్ లీకు: అపోహలు, వాస్తవాలు

హన్మకొండలోని మా షెడ్డుకు మార్చి దాటిందంటే వేడెక్కి ఆగిపోయిన బండ్ల రాక మొదలవుతుంది. వాటిలో పాత స్పోర్ట్స్ కార్లు తక్కువే అయినా, లీకు ఎక్కడుందో తేల్చుకోకుండానే రెండు మూడు సామాన్లు మార్పించుకుని వచ్చేవి ఎక్కువగా అవే. అందుకే ఈ అపోహల గురించి రాయాలనిపించింది.

అపోహ: బండి కింద మరక లేకపోతే లీకు లేనట్టే.

వాస్తవం: ఇంజిన్ సీట్ల వెనక, రేడియేటర్లు ముందు బంపర్ దగ్గర ఉండే బండ్లలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పైపులు బండి పొడవునా సాగుతాయి. ఒకచోట కారిన కూలెంట్ అడుగు కవరు మీదుగా పారి వేరే చోట చుక్కలుగా రాలవచ్చు, లేదా వేడి సైలెన్సర్ పైపు మీద పడి అక్కడే ఆవిరైపోవచ్చు. కాబట్టి చూడవలసింది తడి ఒక్కటే కాదు, ఎండిపోయాక జాయింట్ల దగ్గర మిగిలే తెల్లని లేదా గులాబీ రంగు పొరను కూడా.

నిరుడు వేసవిలో కాజీపేట నుంచి 2001 మోడల్ రెండు సీట్ల జర్మన్ కారు వచ్చింది. యజమాని వారానికి అర లీటరు చొప్పున కూలెంట్ పోస్తున్నారు. అప్పటికే వేరేచోట హోస్ పైపులు, వాటర్ పంపు మార్పించారు, అయినా మట్టం తగ్గడం ఆగలేదు. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌కు ఉదయం కూలెంట్ ట్యాంకు మూత స్థానంలో ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకే గాలి కొట్టి, ఇరవై నిమిషాలు ముల్లును గమనించాం. ముల్లు మెల్లగా దిగింది గాని కింద ఒక్క చుక్క పడలేదు. వెనక డిక్కీలో కార్పెట్ ఎత్తితే తడి కనిపించింది. అక్కడున్న ప్లాస్టిక్ కూలెంట్ ట్యాంకు అతుకు వెంట వెంట్రుకంత పగులు ఉంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారే ప్లాస్టిక్ పెళుసుబారడం సహజం. ఈ పరీక్ష చల్లని ఇంజిన్‌పైనే చేయాలని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది: కొన్ని జాయింట్లు లోహం ముడుచుకున్నప్పుడే కారుతాయి, వేడెక్కి వ్యాకోచించగానే మూసుకుంటాయి.

అపోహ: కూలెంట్ ట్యాంకు మూత మూతే, అది పాడవదు.

వాస్తవం: సముద్ర మట్టం వద్ద నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మూతలోని స్ప్రింగు సుమారు ఒక బార్ ఒత్తిడిని నిలబెట్టడం వల్లే ఆ మరుగు స్థానం 120 డిగ్రీల దాకా పెరుగుతుంది. స్ప్రింగు బలహీనపడితే కూలెంట్ ముందే మరిగి ఓవర్‌ఫ్లో పైపు గుండా బయటకు పోతుంది, మనం దాన్ని లీకనుకుని పైపులు మారుస్తాం. మూతను కూడా టెస్టర్‌కు తగిలించి చూడాలి. ఇంజిన్ వేడిగా ఉండగా మాత్రం మూత తీయకండి. ఒత్తిడి తగ్గిన మరుక్షణం లోపలి ద్రవం ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

అపోహ: రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకు ఆగిపోతుంది.

వాస్తవం: కొంతసేపు ఆగవచ్చు. దారి మధ్యలో చిక్కుకున్నవారు ఊరు చేరడానికి ఆ పని చేస్తే నేను తప్పు పట్టను. కానీ రంధ్రాన్ని పూడ్చిన ఆ ముద్దే రేడియేటర్‌లోని సన్నని గొట్టాలను, హీటర్ కోర్‌ను (బండి లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కూడా పూడ్చివేస్తుంది. పాత బండికి ఆ రేడియేటర్ మళ్లీ దొరకడానికి నెలలు పట్టవచ్చు. లీకు ఆపే పొడులన్నింటికీ ఇదే మాట వర్తిస్తుంది.

అపోహ: వరంగల్‌లో నీళ్లు గడ్డకట్టవు కదా, బోరు నీళ్లు చాలు.

వాస్తవం: కూలెంట్ గడ్డకట్టకుండా కాపాడడమే కాదు, మరుగు స్థానాన్ని పెంచుతుంది, ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్డు తుప్పు తినకుండా ఆపుతుంది. బోరు నీటిలోని ఉప్పు వేడి లోహం మీద పొలుసులా పేరుకుని వేడిని లోపలే నిలిపివేస్తుంది. గాఢమైన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. రంగు ఒకటైనంత మాత్రాన రసాయనం ఒకటి కాదు, కాబట్టి కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే పోయండి.

అపోహ: వాటర్ పంపు కింది రంధ్రంలోంచి కారితే ఎపాక్సీతో మూసేయవచ్చు.

వాస్తవం: లోపలి సీలు అరిగిందని చెప్పడానికే ఆ రంధ్రం ఉంది. దాన్ని మూస్తే కూలెంట్ బేరింగ్‌లోకి చేరి పంపు పట్టేస్తుంది.

అపోహ: మట్టం తగ్గుతున్నా బయట లీకు కనిపించకపోతే హెడ్ గాస్కెట్ (హెడ్డు కింద ఉండే సీలు) పోయినట్టే.

వాస్తవం: హెడ్డు విప్పే ముందు ట్యాంకు మూతి వద్ద నీలి ద్రవంతో పరీక్ష చేయించండి. పెట్రోల్ ఇంజిన్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ ద్రవం పసుపు రంగులోకి మారుతుంది. రంగు మారకపోతే ట్యాంకును, పైపులను మళ్లీ వెతకాలి.

లీకు సరిచేశాక గాలి తీయడమే పెద్ద పని. పొడవైన పైపులలో గాలి చిక్కితే ఇంజిన్ మళ్లీ వేడెక్కుతుంది, సెన్సర్ చుట్టూ కూలెంట్ లేకపోతే గేజు ముల్లు ఆ వేడిని సరిగా చూపదు కూడా. మేము ముందుగా లోపలి గాలిని వాక్యూమ్‌తో లాగి, ఆ తర్వాతే కూలెంట్ నింపుతాం. జనగామ దాకా ఒకసారి తిప్పి తెచ్చి, మరునాడు ఉదయం చల్లని ఇంజిన్‌తో మట్టం మళ్లీ చూస్తాం. తీసిన పాత కూలెంట్‌ను డబ్బాలో పట్టి మూత పెట్టండి. అది తియ్యగా ఉండే విషం. మోరీలో పోస్తే వీధి కుక్కలు తాగి చనిపోతాయి.