1969 నాటి క్లాస్ ఏ యాంప్లిఫయర్ ఇంట్లో కట్టుకోవడం: అపోహలు - వాస్తవాలు

1969 ఏప్రిల్ 'వైర్‌లెస్ వరల్డ్' సంచికలో జాన్ లిన్స్లీ హుడ్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు ఒక క్లాస్ ఏ యాంప్లిఫయర్ సర్క్యూట్ ప్రచురించారు. చానల్‌కు నాలుగే ట్రాన్సిస్టర్లు, 10 వాట్లు. యాభై ఏళ్లు దాటినా జనం ఇంకా దాన్ని కడుతూనే ఉన్నారు. 'జేఎల్‌హెచ్' అని వెతికితే ఆన్‌లైన్‌లో ఖాళీ పీసీబీలు (సర్క్యూట్ బోర్డులు) కూడా దొరుకుతాయి. సర్క్యూట్ ఇంత చిన్నది కదా, ఆదివారం మొదలుపెడితే సోమవారం పాట వినొచ్చనుకుంటారు. బోర్డు ఆదివారమే అయిపోతుంది, అందులో అబద్ధం లేదు. కానీ వేడి ఎటు పోవాలి, కరెంటు ఎలా రావాలి, ఏ వైరు ఎక్కడ కలవాలి అన్నవి డయాగ్రమ్‌లో ఉండవు. అపోహలు పుట్టేదంతా అక్కడే.

అపోహ: ట్రాన్సిస్టర్లు పాత నంబర్లవే ఉండాలి, లేకపోతే అది క్లోన్ కాదు.

హుడ్ మొదట వాడినవి ఎంజె480, ఎంజె481. అవి ఇప్పుడు దొరకవు, దొరికాయని ఎవరైనా అమ్మితే ముందు అనుమానించాలి. 2ఎన్3055 నిక్షేపంగా పనిచేస్తుంది. ఎంజె15003 కూడా ఫరవాలేదు. మరీ వేగం ఎక్కువున్న కొత్త రకాలు పెడితే మాత్రం, వైర్లు కాస్త పొడుగైనా చాలు, సర్క్యూట్ చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో తనంతట తానే ఊగడం మొదలెడుతుంది. పాట లేనప్పుడు కూడా ఒక ట్రాన్సిస్టర్ రెండోదానికంటే బాగా కాలిపోతున్నా, దగ్గర పెట్టిన ఏఎం రేడియో బరబరమన్నా ఇదే రోగం. ఔట్‌పుట్‌కి అడ్డంగా 10 ఓమ్స్ 2 వాట్ల రెసిస్టర్, దానికి సీరీస్‌లో 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ పెట్టండి. ఆ రెసిస్టరే మాడిందంటే ఊగడం ఇంకా ఆగలేదని లెక్క.

నంబరు కంటే పెద్ద సమస్య నకిలీలు. తిరుపతిలో దొరక్క చెన్నై రిచీ స్ట్రీట్ దాకా పోయినా, పైన అచ్చు చూసి అసలుదో కాదో చెప్పలేం. పది పీసులు తెచ్చుకుని ఇంట్లోనే పరీక్ష పెట్టుకోవాలి. మల్టీమీటర్‌లో గెయిన్ (బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో చెప్పే అంకె) కొలిచే హెచ్‌ఎఫ్‌ఈ సాకెట్ దీనికి పనికిరాదు. అది కొద్ది మిల్లీఆంపుల దగ్గర కొలుస్తుంది, మన ట్రాన్సిస్టర్ ఆంపు పైన బతుకుతుంది.

యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల బ్యాటరీ తీసుకోండి, ప్లస్ దగ్గర 3 ఆంపుల ఫ్యూజు పెట్టండి. ప్లస్ నుంచి కలెక్టర్‌కి (టీవో-3 అనే ఈ లోహపు డిప్ప రకంలో బాడీయే కలెక్టర్) 4.7 ఓమ్స్ 10 వాట్ల సిమెంటు రెసిస్టర్. ప్లస్ నుంచి బేస్‌కి 560 ఓమ్స్ అర వాటు. ఎమిటర్ మైనస్‌కి. బేస్‌లోకి సుమారు 20 మిల్లీఆంపులు పోతాయి. సిమెంటు రెసిస్టర్ మీద ఎన్ని వోల్టులు పడుతున్నాయో చూసి పదిన్నరతో గుణిస్తే గెయిన్ వచ్చేస్తుంది. 5 వోల్టులు పడితే గెయిన్ 53 చిల్లర. ఐదు సెకన్లలో రీడింగ్ తీసుకుని వదిలేయాలి, ట్రాన్సిస్టర్ వేడెక్కితే అంకె పెరిగిపోతుంది. ఒకదానికొకటి పది శాతం లోపు ఉన్న జతలు ఏరుకోండి. ఒకే సంచీలోంచి తీసిన పదింటికి 25 నుంచి 110 దాకా ఎలా పడితే అలా వస్తుంటే ఆ సంచీ మొత్తం పక్కన పెట్టేయండి.

అపోహ: డయాగ్రమ్ పక్కన చెప్పిన సైజు హీట్ సింక్ చాలు.

ఇంగ్లండ్‌లో చాలు. క్లాస్ ఏ అంటే పాట ఉన్నా లేకున్నా కరెంటు ఒకేలా తాగుతుంది. 8 ఓమ్స్ స్పీకర్‌కి హుడ్ ఇచ్చిన లెక్క 27 వోల్టులు, 1.2 ఆంపులు. అంటే చానల్‌కు 32 వాట్ల వేడి, ఇరవై నాలుగు గంటలూ వదిలేస్తే ఇరవై నాలుగు గంటలూ. హీట్ సింక్ 70 డిగ్రీలు దాటకూడదనుకుందాం. గది 25 డిగ్రీలుంటే మధ్యలో 45 డిగ్రీల జాగా ఉంది. 45ని 32తో భాగిస్తే ఒక్కో వాటుకు 1.4 డిగ్రీలు వేడెక్కే సింక్ సరిపోతుంది. మే నెలలో తిరుపతిలో రేకు పెట్టె పక్కన గాలి 45 అనుకోండి. జాగా 25కి పడిపోయింది. ఇప్పుడు వాటుకు 0.8 డిగ్రీలు కావాలి, అంటే దాదాపు రెట్టింపు అల్యూమినియం. చానల్‌కు అడుగు పొడవు, నాలుగంగుళాల ఎత్తు, ఒకటిన్నర అంగుళం రెక్కలున్నది ఒకటి వేస్తే నిశ్చింత.

రెక్కలు నిలువుగా ఉండాలి. అడ్డంగా బిగిస్తే వేడి గాలి పైకి పోలేక రెక్కల మధ్యే ఆగిపోతుంది. అందం కోసం అడ్డంగా బిగించిన పెట్టెలు చాలానే ఉన్నాయి, చూడ్డానికే బాగుంటాయి. అంత సింక్ దొరక్కపోతే కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల ఫ్యాన్‌ని 7 వోల్టుల మీద నడపండి. చప్పుడు వినపడదు, వేడి మాత్రం బాగా దిగుతుంది.

బిగించే దగ్గర ఒక్క క్షణం ఆగాలి. డ్రిల్లు వేశాక రంధ్రం అంచున సన్నటి అల్యూమినియం ముల్లు లేస్తుంది. కంటికి ఆనదు, వేలితో రాస్తే గీరుకుంటుంది. దాని మీద మైకా (కరెంటుని ఆపి వేడిని పోనిచ్చే పలచటి పొర) పెట్టి స్క్రూ బిగించగానే ఆ ముల్లు మైకాని పొడిచేస్తుంది. కలెక్టర్ హీట్ సింక్‌కి తగిలి, మొదటి స్విచ్‌కే ఫ్యూజు ఎగిరిపోతుంది. పెద్ద డ్రిల్ బిట్‌ని చేత్తోనే రంధ్రంలో రెండు తిప్పులు తిప్పి అంచు నున్నగా చేయండి. వేడిని దాటించే పేస్ట్ మైకాకి రెండు వైపులా, అవతలి అచ్చు కనపడేంత పలచగా రాయాలి. దట్టంగా రాస్తే వేడికి అదే అడ్డం. స్క్రూలకి ప్లాస్టిక్ బుష్‌లు వేసి బిగించాక ట్రాన్సిస్టర్ బాడీకీ హీట్ సింక్‌కీ మధ్య మీటర్ పెట్టి చూడండి, బీప్ రాకూడదు.

అపోహ: కరెంటు బిల్లు మోగిపోతుంది.

స్టీరియోకి గోడ దగ్గర సుమారు 90 వాట్లు. రోజూ మూడు గంటలు వింటే నెలకు ఎనిమిది యూనిట్లు. అంతే.

అపోహ: ఫిల్టర్ కండెన్సర్ ఎంత పెద్దదైతే హమ్ (స్పీకర్‌లో గుయ్‌మనే చప్పుడు) అంత తక్కువ.

ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. రెండు చానళ్లకు 2.4 ఆంపులు. 10,000 మైక్రోఫారడ్‌ మీద రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఎగుడుదిగుడు) 2 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది, 20,000 పెడితే 1 వోల్టు. దానికి మించి పోస్తూ పోతే రిపుల్ తగ్గేది కాస్తే, బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) నుంచి కండెన్సర్‌కి పోయే కరెంటు మాత్రం ఇంకా పదునెక్కుతుంది. 2.4 ఆంపులు మెత్తగా పారవు, సెకనుకు వంద సార్లు పది ఆంపుల పైన పోటు పోటుగా పోతాయి.

ఇప్పుడు ఆ పోటు ఏ వైరు మీదుగా పోతోందో చూడండి. బ్రిడ్జ్ మైనస్‌కీ కండెన్సర్ మైనస్‌కీ మధ్య 10 సెంటీమీటర్ల, 1 చదరపు మిల్లీమీటరు వైరు ఉందనుకుందాం. దాని నిరోధం 1.7 మిల్లీఓమ్స్. పది ఆంపులు పోతే రెండు కొసల మధ్య 17 మిల్లీవోల్టులు. ఇన్‌పుట్ గ్రౌండ్‌ని ఒక కొసకీ, బోర్డు గ్రౌండ్‌ని ఇంకో కొసకీ సోల్డర్ చేశారంటే ఆ 17 మిల్లీవోల్టులూ పాటతో పాటు లోపలికి పోయినట్టే. ఈ సర్క్యూట్ వోల్టేజిని 13 రెట్లు పెంచుతుంది. స్పీకర్ దగ్గర 220 మిల్లీవోల్టుల హమ్ తేలుతుంది, పక్క గదిలోకి వినపడుతుంది. కండెన్సర్‌కి ఇంకో 10,000 కలిపితే ఇది తగ్గదు, పెరుగుతుంది.

కండెన్సర్ మైనస్ నుంచి విడిగా ఒక లావు వైరు తీసి ఇత్తడి బోల్టుకి బిగించండి. రెండు బోర్డుల గ్రౌండ్లు, రెండు స్పీకర్ మైనస్‌లు, ఇన్‌పుట్ గ్రౌండ్, అన్నీ ఆ బోల్టు దగ్గరే కలవాలి. బ్రిడ్జ్ వైరు మాత్రం అక్కడికి రాకూడదు, అది నేరుగా కండెన్సర్‌కే పోవాలి. హమ్ లోపలిదో బయటిదో తెలియాలంటే ఇన్‌పుట్ సాకెట్‌ని షార్ట్ చేయండి. ఆగిపోతే తప్పు కేబుల్‌దో ఫోన్ చార్జర్‌దో. ఆగకపోతే పెట్టె మళ్లీ విప్పాల్సిందే.

అపోహ: హమ్ వస్తే ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేస్తే సరి.

హమ్ పోవచ్చు, మనిషి కూడా పోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ తెగిన రోజు పెట్టె బాడీ మొత్తం 230 వోల్టుల మీద ఉంటుంది. మెయిన్స్ ఎర్త్‌ని బాడీకి విడిగా, గట్టిగా బోల్టు వేసి బిగించండి. ఇత్తడి బోల్టు నుంచి బాడీకి 10 ఓమ్స్ 5 వాట్ల రెసిస్టర్, దానికి అడ్డంగా 25 ఆంపుల బ్రిడ్జ్ ఒకటి (రెండు ఏసీ కాళ్లూ కలిపి ఒక వైపు, ప్లస్ మైనస్ కలిపి ఇంకో వైపు) పెడితే హమ్ తెగుతుంది, ఎర్త్ మిగులుతుంది.

అపోహ: 27 వోల్టులు కావాలి కాబట్టి 35 వోల్టుల కండెన్సర్లు సరిపోతాయి.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించేటప్పుడు 24 వోల్టులు, 5 ఆంపులు అని చెప్పండి. డీసీ 2.4 ఆంపులైనా సెకండరీలో పారేది నాలుగు ఆంపుల పైమాటే. 24ని 1.41తో గుణించి, బ్రిడ్జ్‌కి 2 తీసేస్తే 32 వోల్టులు. మెయిన్స్ 250కి ఎక్కిన రాత్రి అదే 35 అవుతుంది, లోడ్ లేనప్పుడు ఇంకా పైకి. 50 వోల్టుల, 105 డిగ్రీల కండెన్సర్లే తీసుకోండి. కండెన్సర్ పది డిగ్రీలు చల్లగా ఉంటే ఆయుష్షు రెట్టింపని మోటు లెక్క, కాబట్టి హీట్ సింక్‌కి దూరంగా బిగించండి.

మెయిన్స్ 210కి దిగినప్పుడు తలనొప్పి ఇంకో రకం. 32 కాస్తా 29 అవుతుంది, రిపుల్ అడుగు 28. సప్లైని 27 దగ్గర నిలకడగా ఉంచే రెగ్యులేటర్‌కి 27 ఇవ్వడానికి 1 వోల్టు మిగిలింది, అది చాలదు. సాయంత్రం ఏడింటికి వచ్చి అర్ధరాత్రి పోయే హమ్ ఉంటే ఎర్త్ కోసం వెతక్కండి, మీటర్‌తో మెయిన్స్ చూడండి. తిరుపతి శివార్లలోనో చిత్తూరు పల్లెల్లోనో ఉంటే రెగ్యులేటర్‌ని మొదటే 25 వోల్టులకు దించుకోవడం తెలివైన పని. పవర్ 10 నుంచి 8 వాట్ల చిల్లరకు దిగుతుంది. ఒక్క డెసిబెల్ కూడా తేడా ఉండదు, చెవి కనిపెట్టలేదు.

అపోహ: 10 వాట్లా! అది దేనికి చాలుతుంది?

పెట్టె మీద పీఎంపీవో వేలల్లో రాసిన రోజుల నుంచి వచ్చిన భ్రమ ఇది. పీఎంపీవోని ఎలా కొలవాలో ఒప్పుకున్న ప్రమాణమే లేదు. 1 వాటుకు మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చే మామూలు స్పీకర్‌కి 10 వాట్లు పెడితే 98 వస్తాయి. గదిలో మాటలు వినపడవు. 20 వాట్లు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. గంగమ్మ జాతరలో వీధి చివరి దాకా వినపడాలంటే ఇది కాదు, మైక్ సెట్ వాళ్ల పని వేరు.

అపోహ: 4 ఓమ్స్ స్పీకర్ పెడితే డబుల్ పవర్.

ఈ యాంప్లిఫయర్‌లో ఉల్టా. 8 ఓమ్స్‌కి సెట్ చేసినదానికి 4 ఓమ్స్ తగిలిస్తే వోల్టేజి ఉంటుంది, కరెంటు చాలదు, సగం దారిలోనే పాట చిరుగుతుంది. అందుకే హుడ్ 3 ఓమ్స్‌కి 17 వోల్టులు 2 ఆంపులు, 15 ఓమ్స్‌కి 36 వోల్టులు 0.9 ఆంపులు అని వేర్వేరు లెక్కలిచ్చారు. ఔట్‌పుట్ కండెన్సర్ కూడా 8 ఓమ్స్‌కి 2500 మైక్రోఫారడ్ ఉంటే 8 హెర్ట్జ్ దాకా దిగుతుంది, 4 ఓమ్స్‌కి 16 దగ్గరే ఆగుతుంది. ఆ కండెన్సర్‌ని చూసి మొహం చిట్లించేవాళ్లున్నారు. ట్రాన్సిస్టర్ షార్ట్ అయిన రోజు స్పీకర్‌ని కాపాడేది అదే.

స్పీకర్ వైర్ల గురించి రెండు ముక్కలు. ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. మూడు మీటర్లు పోయి రావడానికి 0.07 ఓమ్. వేలు పోసి కొనే వైరు డబ్బుతో హీట్ సింక్ కొనుక్కోండి.

అపోహ: సీరీస్ బోర్డులో (మెయిన్స్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య బల్బు పెట్టి పరీక్షించే బోర్డు) బల్బు వెలిగితే షార్టే.

మిగతా యాంప్లిఫయర్లకు నిజం. బల్బు ఒకసారి మెరిసి ఆరిపోతే మంచిదని మెకానిక్‌లు చెప్పేది అందుకే. క్లాస్ ఏ మాత్రం 90 వాట్లు తాగుతూనే ఉంటుంది కాబట్టి బల్బు ఆరదు. దాంతో బాగున్న బోర్డుని విప్పి పాడుచేసేవాళ్లుంటారు. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి, ఒక్క చానలే కలిపి, కరెంటు ప్రీసెట్‌ని (తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్) రెసిస్టెన్స్ అత్యధికంగా ఉండే వైపు తిప్పి ఉంచండి. బల్బు మసగ్గా వెలిగితే ఫరవాలేదు. నిండుగా వెలిగితే ఆపేసి మైకాలు చూడండి.

మసగ్గా ఉంటే బల్బు తీసేసి నేరుగా మెయిన్స్‌కి కలపండి. స్పీకర్ ఇంకా తగిలించొద్దు. ఔట్‌పుట్ కండెన్సర్ తర్వాత 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి గ్రౌండ్‌కి ఉంటే చాలు. బోర్డు ప్లస్ వైరులో 0.1 ఓమ్ 5 వాట్ల రెసిస్టర్ పెట్టి దాని మీద మిల్లీవోల్టులు చూస్తూ ప్రీసెట్‌ని మెల్లగా తిప్పండి. 120 మిల్లీవోల్టులంటే 1.2 ఆంపులు. మొదట 80 దగ్గర ఆపి, రెండో ప్రీసెట్‌తో రెండు ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కలిసే చోట సప్లైలో సగం, అంటే 13.5 వోల్టులు, తెచ్చుకోండి. ఒకదాన్ని కదిపితే రెండోది కాస్త జరుగుతుంది, రెండు మూడు సార్లు అటూ ఇటూ తిప్పక తప్పదు. 120కి తెచ్చాక మూత వేసి అరగంట వదిలేయండి. వేడెక్కాక కరెంటు మారి ఉంటుంది, మళ్లీ సరిచేయండి. మీరు ఇది జనవరిలో చేస్తుంటే మే నెల మధ్యాహ్నం ఒకసారి మళ్లీ మీటర్ పెట్టి చూడండి. స్పీకర్ తగిలించే ముందు మెయిన్స్ ఆపండి. మొదటి పాటకి పాడైనా ఏడవక్కర్లేని పాత స్పీకరే పెట్టండి.