ఆవు కంట్లో పసుపు, కాపరి ఒంటిమీద దద్దుర్లు: పిడుదు జ్వరాల వెనుక కథ

వంశధార ఒడ్డున గుణుపురం నుంచి పర్లాకిమిడి, పాతపట్నం దాకా పాడి ఉన్న ఇళ్లలో వానాకాలం వచ్చిందంటే ఒక పని తప్పదు. ఆవు చెవి లోపల, గంగడోలు మడతల్లో, పొదుగు పక్కన పట్టిన పిడుదులను పీకి రెండు గోళ్ల మధ్య నలిపేస్తారు. వీటినే గోమార్లనీ అంటారు. ఆ నలపడమే ప్రమాదం.

పిడుదు పశువుకు రోగం మోస్తుందని 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ రుజువు చేశారు. వాళ్లు చూసింది బ్యాక్టీరియా కాదు, బబేసియా అనే ఏకకణజీవి. దానికి గుర్తు ఎర్ర మూత్రం. 1910లో దక్షిణాఫ్రికాలో ఆర్నల్డ్ థైలర్ ఎర్రకణాల అంచున చిన్న చుక్కలు చూసి ఇది వేరే రోగమని తేల్చాడు, అనాప్లాస్మా మార్జినేల్ అని పేరు పెట్టాడు. అది బ్యాక్టీరియా అని ఒప్పుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఊళ్లలో ఈ రెండు రోగాల మధ్య తికమక ఇప్పటికీ ఉంది. తీవ్ర జ్వరం, పాలు తగ్గడం, పేడ గట్టిపడడం, కంటి పొర ముందు పాలిపోయి తర్వాత పచ్చబడడం, ఇవన్నీ ఉండి మూత్రం మామూలుగా ఉంటే ముందు అనాప్లాస్మానే అనుమానించాలి. చెవి రక్తపు చుక్కను గాజుపలకపై చూస్తే చాలావరకు తేలిపోతుంది.

నాటు దూడలకు చిన్నప్పుడే సోకి తేలికగా పోతుంది, కానీ అవి జీవితాంతం క్రిమిని మోస్తాయి. 1970లో పాల ఉత్పత్తి పెంచే ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదలయ్యాక వచ్చిన దశాబ్దాల్లో జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు పెరిగాయి. పిడుదులు లేని చోట పెరిగిన ఈ ఆవును సంతలో కొని నాటుమంద పక్కన కట్టేస్తే, పడిపోయేది అదే. మందు దీర్ఘకాలం పనిచేసే ఆక్సిటెట్రాసైక్లిన్, కిలోకు 20 మిల్లీగ్రాములు. మి.లీ.కు 200 మి.గ్రా. బలం ఉన్న సీసా అయితే 300 కిలోల ఆవుకు 30 మి.లీ. ఒకేచోట 10 మి.లీ. మించకుండా కండకు వేయాలి. మోతాదును పశువైద్యుడే ఖాయం చేయాలి. ఒకే సూదితో మందంతటికీ టీకా వేస్తే పిడుదు లేకుండానే ఈ రోగం పాకుతుంది. ఇది చాలామంది పట్టించుకోరు.

పిచికారీకి పిడుదులను చంపే అమిట్రాజ్ మందు, 12.5 శాతంది, లీటరు నీటికి 2 మి.లీ. ముందు నీళ్లు తాగించాలి, లేకపోతే తడిసిన ఒంటిని నాకుతుంది. కొన్నిరకాల పిడుదులు గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి. అందుకని పశువుల పాక గోడలకు కొట్టకుండా ఆవుకు మాత్రమే కొడితే మళ్లీ మళ్లీ ఎక్కుతూనే ఉంటాయి. మందు పలచన చేస్తే అవి దానికి అలవాటుపడతాయి.

మనిషికి వచ్చేది వేరే క్రిమి, రికెట్సియా. అనాప్లాస్మాకు దగ్గరి చుట్టం, అది కూడా కణం లోపలే బతుకుతుంది. 1906లో అమెరికాలో హోవర్డ్ రికెట్స్ మచ్చలజ్వరం పిడుదుతో వస్తుందని చూపాడు. మన దేశంలో ఇలాంటి జ్వరానికి పిడుదులు కారణం కావచ్చని 1921లో డాక్టర్ మెగా రాశాడు. అయినా మలేరియాకు పేరుపడ్డ ఈ కొండల్లో జ్వరమంటే మలేరియా పరీక్షే, అది రాకపోతే టైఫాయిడ్ మందే. పెన్సిలిన్ జాతి మందులు రికెట్సియామీద పనిచేయవు. మూడు నుంచి ఐదో రోజుకు అరచేతులు, అరికాళ్లతో సహా దద్దుర్లు వస్తే డాక్సీసైక్లిన్ ఆలస్యం చేయకూడదు. పెద్దవారికి 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, వైద్యుడి సలహాతో. ఈ జ్వరానికి చేసే వీల్-ఫెలిక్స్ రక్తపరీక్ష మొదటి వారంలో ఏమీ లేదనే చూపవచ్చు. దాన్ని నమ్మి ఆగిపోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. ఇదే మందుకు లొంగే మరో జ్వరం స్క్రబ్ టైఫస్‌ను మోసేది మాత్రం పిడుదు కాదు, పొదల్లోని నల్లిలాంటి చిన్న పురుగు.

నలిపిన పిడుదు రసం గోటి పక్క చీలికలోంచి ఒంట్లోకి పోగలదు. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగి, సబ్బునీళ్ల డబ్బాలో వేయాలి. కిరసనాయిలు, అగ్గి పెట్టకూడదు.

ఈ వరుసలోనే క్యూ జ్వరం ఒకటుంది. బ్రిస్బేన్ కబేళా కూలీల్లో చూసి 1937లో డెరిక్ ఆ పేరు పెట్టాడు. ఇది పిడుదుల్లో ఉన్నా మనిషికి ఎక్కువగా చేరేది ఈనేటప్పటి మావి, ఉమ్మనీటి తుంపరల ద్వారా. మేక ఈనినచోట ముక్కు, నోరు గుడ్డతో కప్పుకొని, చేతికి తొడుగు వేసుకొని, మావిని లోతుగా పాతిపెట్టాలి.