చిత్రానికి ఇచ్చే వెల దేనికి? నీలిరాయి నుంచి కుంచె గుర్తు దాకా

1878 నవంబరులో లండన్ న్యాయస్థానంలో ఒక పరువు నష్టం దావా విచారణకు వచ్చింది. రాత్రివేళ థేమ్స్ ఒడ్డున బాణసంచా రవ్వలు చీకట్లోకి రాలే దృశ్యాన్ని చిత్రించి, జేమ్స్ విస్లర్ దానికి 200 గినీల వెల పెట్టాడు. అది ప్రజల మొహాన రంగు డబ్బా విసిరికొట్టడమేనని విమర్శకుడు జాన్ రస్కిన్ అంతకు ముందు ఏడాది రాశాడు. దాని మీదే విస్లర్ దావా వేశాడు. రెండు రోజుల పనికి ఇంత సొమ్ము అడుగుతున్నారా అని రస్కిన్ తరఫు న్యాయవాది నిలదీస్తే, జీవితమంతా పనిచేసి గడించిన జ్ఞానానికి అడుగుతున్నానని విస్లర్ బదులిచ్చాడు. చిత్రంలో డబ్బు పెట్టదగినది ఏమిటన్న ఈ తగాదా ఆనాడే పుట్టినది కాదు. యూరప్‌లో చిత్రకళా శైలులు మారిన ప్రతిసారీ ఈ లెక్క కూడా మారుతూ వచ్చింది.

1485 అక్టోబరులో ఫ్లోరెన్స్ నగరంలోని అనాథ శిశువుల ఆశ్రమాధిపతి, చిత్రకారుడు దొమెనికో గిర్లాందాయోతో ఒక ఒప్పందం రాయించుకున్నాడు. బాల యేసును దర్శించడానికి వచ్చిన జ్ఞానుల చిత్రాన్ని 30 నెలల్లో పూర్తిచేయాలి. పని ఆ వెలకు తగినట్టు ఉందని ఆశ్రమాధిపతికి తోస్తే 115 ఫ్లోరిన్లు, అంటే ఫ్లోరెన్స్ బంగారు నాణేలు, ఇస్తారు. వాడే నీలం మాత్రం ఔన్సు సుమారు 4 ఫ్లోరిన్లు పలికే అల్ట్రామెరీన్ అయి ఉండాలి. రంగు ధరను ఒప్పందంలోకి ఎక్కించడం మనకు వింతగా తోచవచ్చు గాని, ఆ నీలం వచ్చే దారి తెలిస్తే అందులో వింతేమీ కనిపించదు. ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని బదఖ్‌షాన్ గనుల్లో దొరికే లాపిస్ లాజులి రాయి సముద్రాలు దాటి ఇటలీ చేరేది. దాన్ని మెత్తగా నూరి, మైనంతోనూ చెట్టు జిగుళ్లతోనూ ముద్దచేసి, రోజుల తరబడి నానిన ఆ ముద్దను బూడిద తేటలో పిసికితే, నీలం మాత్రమే విడిపోయి అడుగుకు దిగేది. మొదటి పిసుకుడులో దిగినదే మేలైన రంగు. అందుకే దాన్ని ఎక్కువగా మరియమ్మ వస్త్రానికి దాచి ఉంచేవారు. ఆ నీలమూ, దాని పక్కన అద్దే బంగారు రేకూ దేవుడికి అర్పించే కానుకలే గనుక, వాటి ఖరీదు భక్తికి కొలమానం అయింది.

అయితే అదే ఒప్పందంలో, పని అంతా చిత్రకారుడు సొంత చేత్తో చేయాలన్న షరతు కూడా ఉంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఈ వాక్యమే. సరుకుకు ఇచ్చే విలువా, చేతికి ఇచ్చే విలువా ఒకే కాగితం మీద పక్కపక్కన నిలిచాయి. అంతకు 50 ఏళ్ల ముందే, 1435లో, ఇటలీ కళా సిద్ధాంతకారుడు లియోన్ బత్తిస్తా అల్బెర్తి బంగారాన్ని అంటించడం కన్నా, బంగారపు మెరుపును వట్టి రంగులతో చూపగలిగిన చేతికే ఎక్కువ మెప్పు దక్కాలని వాదించాడు. 1434లో యాన్ వాన్ ఐక్ గీసిన అర్నోల్ఫీనీ దంపతుల చిత్రంలో పైకప్పు నుంచి వేలాడే ఇత్తడి దీపపు గుత్తిని చూస్తే ఆ మాట అర్థమవుతుంది. అక్కడ ఉన్నది నూనె రంగుల పసుపూ తెలుపూ గోధుమ రంగే అయినా, లోహం తళతళలాడుతున్నట్టే ఉంటుంది.

చేతికి గౌరవం పెరిగాక, ఆ చేతి గుర్తు కనబడాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. వెనిస్ చిత్రకారుడు తిషన్ వయసు మళ్లాక వేసిన బొమ్మలు దగ్గర నుంచి రంగు మరకల్లా, దూరం నుంచి చూస్తే సంపూర్ణంగా కనిపిస్తాయని ఆయన సమకాలికుడు, చిత్రకారుల జీవిత చరిత్రలు రాసిన వసారి పేర్కొన్నాడు. ఫ్రాన్స్‌లో 1648లో ఏర్పడిన రాజ చిత్రకళా అకాడమీ దీనికి ఎదురు దారి పట్టింది. పురాణ, చరిత్ర ఘట్టాలకు పై మెట్టు, పండ్లూ గిన్నెల బొమ్మలకు అట్టడుగు మెట్టు అన్న వరుసను 1667లో కళా సిద్ధాంతకారుడు ఫెలిబియెన్ అక్షరాల్లో పెట్టాడు. కుంచె జాడ తెలియని నున్నని తుది మెరుగే నిజాయితీ గల శ్రమకు సాక్ష్యమన్న నమ్మకం ఆ సంప్రదాయంలో స్థిరపడిపోయింది.

ఆ నమ్మకాన్ని కదిలించినవాటిలో కొన్ని కళకు బయట నుంచి వచ్చాయి. 1828లో గిమే అనే ఫ్రెంచి రసాయనవేత్త కృత్రిమ అల్ట్రామెరీన్ తయారుచేసినందుకు బహుమతి అందుకోవడంతో, గిర్లాందాయో కాలంలో ఒప్పందానికెక్కిన నీలం ఎంతో చౌకైపోయింది. 1841లో జాన్ రాండ్ అనే చిత్రకారుడు తగరపు రంగు గొట్టానికి పేటెంటు పొందాడు. అంతకుముందు నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో నింపి ఉంచుకునేవారు. గొట్టాన్ని సంచిలో వేసుకొని నదీతీరానికి వెళ్లినవాడికి, వెలుగు మారేలోపు బొమ్మ ముగించాలన్న తొందర ఉంటుంది. ఆ తొందర కుంచె గుర్తుల్లో కనబడుతుంది. 1874లో పారిస్‌లో మోనే ప్రదర్శించిన ల ఆవ్ర్ రేవు సూర్యోదయాన్ని చూసి, ఇంకా తయారుకాని గోడ కాగితం కూడా ఇంతకన్నా పూర్తయినట్టు ఉంటుందని విమర్శకుడు లూయీ లెరోయ్ వెక్కిరించాడు. ఆయన మోనేను కొలిచింది అకాడమీ నునుపుతోనే.

నాలుగేళ్ల తర్వాత లండన్ న్యాయస్థానంలోనూ అదే కొలబద్ద బయటికి వచ్చింది. తుది మెరుగంటే ఏమిటో జూరీకి తెలియజెప్పడానికి రస్కిన్ పక్షం తిషన్ వేసినదని నమ్మిన ఒక చిత్తరువును తెచ్చి చూపించింది. దగ్గర నుంచి మరకల్లా కనిపించే బొమ్మలు వేశాడని వసారి చెప్పిన తిషన్ పేరే అక్కడ నునుపుకు నమూనాగా వినిపించింది. ఆ చిత్తరువును ఇప్పుడు కాతేనా అనే మరో చిత్రకారుడి పనిగా లెక్కిస్తున్నారు. పరువు నష్టం జరిగిందని జూరీ ఒప్పుకుంది గాని, విస్లర్‌కు పరిహారంగా ఇచ్చింది ఒక ఫార్తింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. ఖర్చులు ఎవరివి వారే భరించాలన్నారు. మరుసటి ఏడాది విస్లర్ దివాలా తీశాడు.