షెడ్డు కూల్చినా మట్టి అక్కడే: హైదరాబాద్ పారిశ్రామిక వాడల పాత బాకీ

2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హిల్ట్ (పారిశ్రామిక భూములను వేరే అవసరాలకు మార్చుకునే) విధానం తెచ్చాక హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఎక్కడ విన్నా ఎకరాల లెక్కే. ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దానికి ఆనుకుని ఉన్న 22 పారిశ్రామిక వాడల్లో సుమారు 9,292 ఎకరాలు. ఫ్యాక్టరీ యజమాని ఫీజు కడితే ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, బళ్లు, ఆస్పత్రులు కట్టుకోవచ్చు. ముందున్న రోడ్డు 80 అడుగులు, ఆపైన ఉంటే సబ్‌రిజిస్ట్రార్ విలువలో 50 శాతం కట్టాలి, అంతకన్నా తక్కువైతే 30 శాతం. లక్షల కోట్ల భూమిని కారుచౌకగా కట్టబెడుతున్నారని ప్రతిపక్షం, కాలుష్యాన్ని నగరం బయటికి పంపుతున్నామని ప్రభుత్వం వాదించుకున్నాయి. రెండు వాదనలూ భూమి పైభాగం గురించే. ఫీజు కోసం రోడ్డు వెడల్పు కొలుస్తారు. షెడ్డు కింద మట్టిలో ఏముందన్నది ఆ లెక్కలోకి రాదు.

ఆ మట్టికి ఎనభై తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. నిజాం కాలంలో ముషీరాబాద్ పక్కన ఆజామాబాద్ వాడ వెలిసింది. 1942లో ఆల్విన్ కంపెనీ మొదలైంది, దాని ఫ్యాక్టరీతోనే సనత్‌నగర్‌కు పేరొచ్చింది. అప్పటికి ఇవన్నీ ఊరి పొలిమేరలే. అసలు మలుపు అరవయ్యో దశకంలో బాలానగర్‌లో ఐడీపీఎల్ రావడం. సోవియట్ సాయంతో కట్టిన ఆ ప్రభుత్వ ఫ్యాక్టరీ మందులతో పాటు మందులు చేయడం తెలిసిన ఒక తరాన్నీ తయారు చేసింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంట్ అనడంతో, అదే మందును వేరే దారిలో చేయగలిగినవాళ్లకు తలుపులు తెరుచుకున్నాయి. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్లు సొంత బల్క్ డ్రగ్ యూనిట్లు పెట్టారు. 1973లో ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ పుట్టి ప్లాట్లు కోసి ఇచ్చింది. జీడిమెట్ల, పటాన్‌చెరు అలా నిండాయి. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి గెలవడం కూడా పటాన్‌చెరు వైపు పరిశ్రమలకు ఊపునిచ్చిందని ఆ ప్రాంతంవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

బల్క్ డ్రగ్ అంటే మాత్ర కాదు, మాత్రలో ఉండే అసలు మందు. కిలో మందు తీయాలంటే దానికి ఎన్నో రెట్లు సాల్వెంట్లు (కరిగించే ద్రవాలు), ఆమ్లాలు, నీళ్లు కావాలి. మందు డ్రమ్ములో బయటికెళ్తుంది, మిగతాదంతా ఎక్కడో ఒకచోట చేరాలి. జీడిమెట్లలో ఫ్యాక్టరీల వ్యర్థజలాలకు ఉమ్మడి శుద్ధి కేంద్రం 1989లో వచ్చింది, పటాన్‌చెరులో 1994లో. వాడలు మాత్రం డెబ్బయ్యో దశకం నుంచే నడుస్తున్నాయి. నడుమ ఆ పదిహేను, ఇరవై ఏళ్ల నీళ్లు ఎటు పోయాయి? నాలాల్లోకి, చెరువుల్లోకి, కాంపౌండు వెనకాల తవ్విన గుంటల్లోకి. నేలలో మిగిలిన బాకీలో పెద్ద వాటా ఆ కాలానిదేనని నా అంచనా.

పటాన్‌చెరు దిగువన నక్కవాగు మంజీరలో కలుస్తుంది. వాగు వెంబడి ఊళ్లలో పంటలు పోయాయి, బావుల నీళ్లు నోట పెట్టలేకుండా అయ్యాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. రైతులకు పరిహారం, ఊళ్లకు మంచినీళ్లు కోర్టు చెప్తే గానీ కదల్లేదు. కేసు తర్వాత హైకోర్టుకు, అక్కణ్నుంచి హరిత ట్రిబ్యునల్‌కు మారింది. ఇక శుద్ధి కేంద్రం వచ్చాక సంగతి. సుమారు 90 మందుల కంపెనీల నీళ్లు చేరే పటాన్‌చెరు కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొచ్చిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

దక్షిణాన కాటేదాన్ కథ వేరు. అక్కడ మందులకన్నా లోహాల పని ఎక్కువ. మట్టిలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ మోతాదు మించాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2008లోనే రాశారు. ఆ వాడ నీళ్లు దిగే నూర్ మహమ్మద్ కుంటను ప్రపంచ బ్యాంకు సాయంతో 2010లో మొదలైన ప్రాజెక్టులో నమూనా శుద్ధి స్థలంగా ఎంచుకున్నారు. విషం దిగిన నేలను బాగుచేయాలన్న మాట ఈ నగరానికి కొత్త కాదన్నమాట.

అన్ని విషాలూ ఒకేలా ఉండవు. సీసం పైమట్టిని పట్టుకుని ఉంటుంది, పిల్లలు ఆడుకునే లోతులోనే. సాల్వెంట్లలో నీటికన్నా బరువైనవి మొరం దాటి గ్రానైటు పగుళ్లలోకి దిగుతాయి. పగుళ్లు ఎటు పోతే అవీ అటే, ప్రహరీ గోడతో వాటికి పనిలేదు. అలాంటి చోట ముప్పై అంతస్తుల టవర్‌కు నాలుగు సెల్లార్లు తవ్వితే ఏమవుతుంది? గుంతలో ఊరే నీటిని మోటార్లు పెట్టి రాత్రింబవళ్లు పక్క నాలాలోకి తోడతారు. మట్టిని టిప్పర్లు అర్ధరాత్రి ఎత్తుకెళ్తాయి. మామూలు సైటు మట్టి ఏదో ఒక పల్లపు ప్లాటుకో, చెరువు శిఖానికో చేరుతుంది. మందుల ఫ్యాక్టరీ కింది మట్టి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లాల్సి రావచ్చు. అయితే రెండు టిప్పర్లలో ఏది ఎటు పోవాలో చెప్పాలంటే ముందు పరీక్ష జరగాలి. చూస్తే రెండూ ఎర్రమట్టే.

లండన్‌లో 2012 ఒలింపిక్స్ కోసం స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర పాత ఫ్యాక్టరీల నేలను ఎంచుకున్నప్పుడు సుమారు 20 లక్షల టన్నుల మట్టిని అక్కడికక్కడే కడిగి మళ్లీ వాడారు. ఆ యంత్రాలకు 'మట్టి ఆస్పత్రులు' అని ముద్దుపేరు. నిజమే, అది సర్కారు సొమ్ము, ఒక్క చేతి కింద జరిగిన పని. ఇక్కడ ప్లాటుకో యజమాని.

మన దేశంలో కలుషిత స్థలాలకంటూ ప్రత్యేక నియమాలు వచ్చిందే 2025 జులైలో. అప్పటికి దేశవ్యాప్తంగా గుర్తించినవి 103 స్థలాలు, శుద్ధి మొదలైనవి ఏడు. కొత్త నియమాల ప్రకారం అనుమానం ఉన్న చోట్ల జాబితాను జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకోసారి ఇవ్వాలి. ఖర్చు కలుషితం చేసినవాడిదే. అతను దొరక్కపోతేనో, కట్టలేకపోతేనో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలది. వినడానికి బాగుంది. జీడిమెట్లలో 1985లో ఒకాయన పెట్టిన యూనిట్ 1998లో మూతపడి, బ్యాంకు వేలంలో ఇంకొకరికి పోయి, గోదాముగా మారి, ఇప్పుడు బిల్డర్ చేతికి వచ్చిందనుకోండి. కలుషితం చేసినవాడు ఎవరు?

ఫ్లాట్ కొనేవాడు లాయర్‌తో ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తాడు. ఎవరు ఎవరికి అమ్మారు, ఏ బ్యాంకులో తాకట్టు పెట్టారు, అన్నీ అందులో ఉంటాయి. అక్కడ ఏ మందు చేశారు, రోజుకు ఎన్ని కిలోలీటర్ల వ్యర్థజలం వదిలారు అన్నది కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) ఇచ్చిన పాత అనుమతుల ఫైళ్లలో ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ ఫైలు ఎవరూ అడగరు.