సీసాలో గుంటూరు మట్టి

చిరంజీవులు బుజ్జికి, చిన్నోడికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నేను మట్టి తొక్కడానికి వెళ్లానని చెప్పగానే మీ ఇద్దరూ ఒకటే నవ్వు. వెనకనుంచి మీ అమ్మ, "మోకాళ్ల నొప్పులు పెట్టుకుని ఇవన్నీ ఎందుకమ్మా" అని కేకలు. ఆ గోలలో అసలు సంగతి చెప్పనే లేదు. బుజ్జీ, నువ్వు ఇది చదివి తమ్ముడికి వినిపించు. వాడు మధ్యలో లేచిపోతే పోనీ, సీసాల దగ్గరికి వచ్చాక పిలువు.

ఉండవల్లి దాటాక ఒక మామిడితోటలో మూడు రోజుల వర్క్‌షాప్ అది. మట్టి, సున్నం, పాత సామానుతో ఇల్లు ఎలా కడతారో మన చేతులతోనే చేయించి నేర్పుతారు. ఇరవై మందిమి ఉంటాం. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు, కంప్యూటర్ ఉద్యోగంతో విసుగెత్తిన ఒక కుర్రాడు, తాపీ పని చేసే భార్యాభర్తలు, నేను. పెద్దావిడనని నాకు కుర్చీ వేశారు. మధ్యాహ్నానికల్లా దాని మీద ఎవరివో తువ్వాళ్లు ఆరుతున్నాయి.

గోడ కట్టేద్దామని వెళ్లామా, మొదటి రోజంతా సీసాలే. ఎవరి ఊరి మట్టి వాళ్లు తెచ్చుకోమన్నారు. నేను మన పెరట్లో కరివేపాకు మొక్క పక్కనుంచి ఒక గుప్పెడు తీసుకెళ్లాను. గాజుసీసాలో మూడోవంతు మట్టి పోసి, మిగతాది నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి, మూత పెట్టి బాగా కుదపాలి. తరవాత కదపకుండా ఒకచోట పెట్టెయ్యాలి. ఇసుక బరువు కాబట్టి నిమిషంలో అడుక్కి దిగిపోతుంది. వండ్రు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. బంకమట్టి మరీ సన్నం, అది తేరుకోవడానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఆ వరసలు స్కేలు పెట్టి కొలిస్తే ఏ మట్టిలో ఏది ఎంతుందో తెలిసిపోతుంది.

మంగళగిరి కొండ పక్కనుంచి వచ్చిన పిల్ల సీసాలో ఇసుక సగం దాకా ఉంది. నా సీసా మర్నాడు పొద్దున కూడా ఫిల్టర్ కాఫీ లాగే ఉంది! అడుగున ఇసుక గోరంత మందం. మనది నల్లరేగడి కదా, పత్తికీ మిరపకీ బంగారం. గోడకి మాత్రం పనికిరాదు. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగులుతుంది.

ఈ సంగతి నాకు వర్క్‌షాప్‌లో కొత్తగా చెప్పనక్కర్లేదు. పెళ్లయిన కొత్తలో ఎర్రమట్టి బండికి డబ్బు దండగని, దొడ్లో నల్లమట్టితోనే గొడ్లచావిడికి అడ్డుగోడ పెట్టించాను. వైశాఖానికి నా చెయ్యి దూరేంత బీటలు, తొలకరికి సగం గోడ నేల మీద. మా అత్తగారు కోప్పడలేదు. "చేలో నెర్రెలు చూశావుగా అమ్మాయ్, గోడలో రావా?" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. ఇన్నేళ్లయినా ఆ మాట పోలేదు.

అందుకని రెండోరోజు ట్రాక్టరు ఎర్రమట్టి తెప్పించారు. దాన్ని ముందురోజే నానబెట్టి, ఇసుక కలిపి, వరిగడ్డి వేలెడు ముక్కలుగా నరికి చల్లి తొక్కాలి. గడ్డి ఎందుకంటే, మట్టి ఆరేటప్పుడు విడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇక్కడ మాకు అసలు గురువు ఆ మేస్త్రి గారి భార్య. "కాళ్లకేసి చూడకండమ్మా, చప్పుడు వినండి" అంది. మొదట్లో మట్టి చపచపమంటుంది. తొక్కేకొద్దీ ఆ చప్పుడు తగ్గి, మడమ లేపినప్పుడల్లా ముద్ద కాలితో పాటే లేస్తుంది. అప్పుడు లడ్డూ అంత ఉండ చేసి నడుమెత్తు నుంచి నేల మీదకి వదలాలి. చపాతీలా పరుచుకుంటే నీళ్లెక్కువ, ముక్కలైతే తడి గానీ బంక గానీ చాలలేదని. కొంచెం నొక్కుకుని ఉండలాగే ఉంటే గోడకి సిద్ధం. నా ఉండ మొదటిసారికే నిలబడిందని మీ అమ్మకి తప్పకుండా చెప్పండి.

గోడ రోజుకి మూరెడు ఎత్తే లేపాలి. ఆశపడి ఇంకా పెడితే కిందిది పొట్ట వేస్తుంది. అడుగున అడుగున్నర దాకా రాయి, సున్నం. పైన చూరు బాగా బయటికి రావాలి. మట్టిగోడకి ఎండతో పేచీ లేదు, కింద నిలిచిన నీళ్లతో, పక్కనుంచి కొట్టే జల్లుతోనే.

మందపాటి మట్టిగోడని మే నెల మధ్యాహ్నం ముట్టుకుంటే బయట చుర్రుమంటుంది, లోపల చల్లగా ఉంటుంది. ఆ వేడి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది, అప్పటికి మనం కిటికీలు తీసుకుంటాం. పైగా దీన్ని కాల్చే పని లేదు. సిమెంటు కావాలంటే సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా కాల్చాలి. ఆ మంటకయ్యే బొగ్గు పొగ ఒకటి, రాయి లోంచే వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఇంకొకటి.

అలాగని అన్నిచోట్లా మట్టే అంటే నేనొప్పుకోను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది, టీవీలో చూశారుగా. అక్కడ పచ్చిమట్టి గోడ నిలుస్తుందా అని అడిగాను. నేర్పే అబ్బాయి తడుముకోకుండా "నిలవదండీ" అన్నాడు. ఆ జవాబుతో నాకు అతని మీద నమ్మకం కుదిరింది.

అలాంటి చోట్లకి బూడిద ఇటుక మేలు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో బొగ్గు కాల్చగా వచ్చే బూడిద ఉంది కదా, దాన్ని సున్నం, జిప్సంతో కలిపి నీళ్లు పోస్తే బట్టీ లేకుండానే గట్టిపడుతుంది. ఆ పద్ధతికి ఫాల్-జి అని పేరుపెట్టి ఊరూరా తిప్పింది మన విశాఖ శాస్త్రవేత్తలు భానుమతిదాస్, కాళిదాస్. పారేసే బూడిద ఇల్లయింది.

ఇప్పుడు చిన్నోడిని పిలువు. అగ్గిపెట్టెలు కొన్ని తీసుకోండి. పడుకోబెట్టకుండా పక్కమీద నిలబెట్టి, రెండు వరసల మధ్య ఖాళీ ఉంచి, అక్కడక్కడ ఒకటి అడ్డంగా పెట్టి కట్టండి. లోపల ఎలుకల బోనులాంటి గదులు వస్తాయి. దాని పేరే ర్యాట్‌ట్రాప్ బాండ్. ఇంగ్లండు నుంచి 1945లో మన దేశం వచ్చి, తరవాత కేరళలో స్థిరపడిన లారీ బేకర్ అనే ఆయన ఇలాంటి గోడలతో ఎన్నో ఇళ్లు కట్టాడు. ఇటుకల్లో పాతిక శాతం దాకా మిగులుతాయి, మధ్యలో ఉన్న గాలి వేడిని ఆపుతుంది.

మూడోరోజు పాత సామాను. ఆటోనగర్ నుంచి తెచ్చిన లారీ అద్దం కిటికీకి చక్కగా అమరింది. ఖాళీ గాజుసీసాలు మట్టిలో పేరిస్తే స్నానాల గదిలో ఆకుపచ్చ వెలుగు పడింది, ఆ పనయితే నాకూ నచ్చింది. టైర్లు మాత్రం నచ్చలేదు. అమెరికాలో మైకేల్ రేనాల్డ్స్ అనే ఆయన ఎడారి ప్రాంతంలో టైర్లలో మట్టి కూరి ఇళ్లు కట్టాడట. మా కుర్రాళ్లు ఒక్క టైరు కూరేసరికి చెమటలు కక్కారు. మట్టి పట్టని సందుల్లో వాన నీళ్లు నిలిస్తే మన ఊళ్లో దోమలకి అంతకంటే ఏం కావాలి?

పాతది తిరిగి వాడటమల్లా పుణ్యమూ కాదు. అమరావతి స్తూపం తెలుసుగా. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టుకుంటుంటే, పనివాళ్లు ఆ దిబ్బలోంచే ఇటుకలూ రాళ్లూ తవ్వుకెళ్లారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసేటప్పటికే చాలా పోయింది. ఎవరి గోడల్లోనో ఆ రాళ్ల మీద చెక్కిన బొమ్మలు ఇంకా బోర్లాపడి ఉన్నాయేమో.

సెలవులకి వచ్చేటప్పుడు మీ బడి గ్రౌండ్ మట్టి ఒక గుప్పెడు, మీ అపార్ట్‌మెంట్ వెనకది ఒక గుప్పెడు వేరువేరు కవర్లలో కట్టి తెండి. ఏది ఎక్కడిదో పైన రాయండి, చిన్నోడు కలిపేస్తాడు. నేను ఆవకాయ సీసాలు రెండు కడిగి ఎండబెట్టి ఉంచాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి. రాత్రి కొబ్బరినూనె రాసుకున్నానని మాత్రం మీ అమ్మకి చెప్పకండి.

మీ అమ్మమ్మ,
గుంటూరు