మామోగ్రామ్ రిపోర్టులో ‘టైప్ సి’ ఎక్కడి నుంచి వచ్చింది?

తిరుపతిలో మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకున్న చాలామంది రిపోర్టుల్లో పైనే ‘ఏసీఆర్ టైప్ బి’ అనో ‘టైప్ సి’ అనో ఉంటుంది. ఏసీఆర్ అంటే అమెరికా రేడియాలజిస్టుల సంఘం. డాక్టరుకు చూపించేలోపే ఆ కాగితం ఫోటో వాట్సాప్‌లో చెల్లెలికో కోడలికో వెళ్తుంది. సి అంటే క్యాన్సర్ మూడో స్టేజేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. స్టేజికీ దీనికీ సంబంధమే లేదు. రొమ్ములో కొవ్వు ఎంత, మిగతా కణజాలం ఎంత అన్నదానికి అదొక గుర్తు. ఎ అంటే దాదాపు అంతా కొవ్వే, డి అంటే బాగా దట్టం, అంటే కొవ్వు తక్కువ, మిగతా కణజాలం ఎక్కువ. నలభై దాటిన ఆడవాళ్లలో సుమారు సగం మంది సి, డిల్లోనే ఉంటారని అమెరికా లెక్కలు. అలాగని పట్టించుకోకుండా వదిలేయాల్సిన మాటా కాదు.

రొమ్ము ఎక్స్‌రే కథ 1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్‌తో మొదలైంది. ఆపరేషన్‌లో తీసేసిన రొమ్ములను ఆయన ఎక్స్‌రే తీసి పరిశీలించాడు. దట్టం సంగతిని రచ్చకెక్కించింది మాత్రం డెట్రాయిట్ రేడియాలజిస్టు జాన్ వుల్ఫ్. 1976లో ఆయన మామోగ్రామ్‌లను నాలుగు రకాలుగా విడగొట్టి, బాగా దట్టంగా కనిపించేవాళ్లకు తర్వాత క్యాన్సర్ వచ్చే అవకాశం పదుల రెట్లు ఎక్కువన్నాడు. తోటి డాక్టర్లు అంత తేలిగ్గా నమ్మలేదు. నమ్మకపోవడంలో న్యాయముంది. ఎక్స్‌రేలో కొవ్వు నల్లగా, పాలగ్రంథులూ వాటి చుట్టూ ఉండే పీచు కణజాలమూ తెల్లగా పడతాయి. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. మంచు కమ్మిన తిరుమల ఘాట్ రోడ్డులో తెల్ల కారు ఎంత కనిపిస్తుందో, దట్టమైన రొమ్ములో గడ్డా అంతే. ముందే ఉన్న గడ్డ మొదటిసారి దొరక్క, ఏడాదో రెండేళ్లో పోయాక బయటపడితే దాన్ని కొత్తగా పుట్టినట్టు లెక్క రాస్తున్నారని విమర్శకులు వాదించారు.

ఈ తగవు తేలడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. టొరంటోలో నార్మన్ బాయ్డ్ బృందం దట్టాన్ని కంటి అంచనాకు వదలకుండా శాతాల్లో కొలిచింది. 2007లో వాళ్లు ప్రకటించిన ఫలితం: దట్టం 75 శాతం దాటినవాళ్లకు, 10 శాతం లోపు ఉన్నవాళ్లకన్నా ప్రమాదం 4.7 రెట్లు. నార్మల్ అని రిపోర్టు వచ్చిన ఏడాదిలోపే బయటపడ్డ క్యాన్సర్లను విడిగా చూస్తే ఆ తేడా 17 రెట్లు దాటింది. అది దాక్కున్న గడ్డల లెక్క. కానీ ఏళ్లు గడిచినా అదనపు ప్రమాదం మిగిలే ఉంది. అంటే వుల్ఫ్ అంకె పెద్దదే అయినా మాట అబద్ధం కాదు, విమర్శకుల అనుమానమూ ఉత్తది కాదు. ఈ 4.7 రెట్లు రెండు కొసల మధ్య పోలిక అని మర్చిపోకూడదు. మధ్యస్థంగా ఉన్నవాళ్లతో పోలిస్తే తేడా చాలా తక్కువ.

దట్టం ఎందుకు ప్రమాదం? పూర్తి జవాబు ఇంకా రాలేదు. గ్రంథి కణాలు ఎక్కువుంటే, విభజనలో తప్పు జరిగే అవకాశమూ ఎక్కువ. కానీ ఆ తెలుపులో ఎక్కువ భాగం కణాలు కాదు, కొలాజెన్ పీచు. ఆ పీచు బిగుసుకుంటే పక్కనున్న కణాలకు పెరగమనే సంకేతాలు అందుతాయి. 2008లో కొలాజెన్ ఎక్కువ పేరుకునేలా మార్చిన ఎలుకల్లో గడ్డలు సుమారు మూడు రెట్లు పెరిగాయి. మనిషి మనిషికీ దట్టంలో ఉండే తేడాలో సగానికి పైగా వారసత్వమేనని కవలల మీద చేసిన అధ్యయనం 2002లో తేల్చింది. వయసు పైబడి, ముట్లుడిగాక గ్రంథులు కుంచించుకుపోయి కొవ్వు చేరుతుంది. హార్మోన్ మాత్రలు వేసుకుంటే దట్టం పెరుగుతుంది, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్ మందుతో తగ్గుతుంది. చేత్తో తడిమి దట్టాన్ని చెప్పలేం. గట్టిగా అనిపించే రొమ్ము ఫిల్ము మీద దట్టంగా ఉండాలనేం లేదు.

ఇదంతా డాక్టర్లకు తెలుసు, ఆడవాళ్లకే ఎవరూ చెప్పలేదు. అమెరికాలో నాన్సీ కపెల్లోకు ఏటా మామోగ్రామ్ నార్మల్ అనే వచ్చేది. అలాంటి రిపోర్టు చేతికొచ్చిన కొద్ది వారాలకే, 2004లో ముదిరిన క్యాన్సర్ బయటపడింది. ఆమె పోరాటంతో, దట్టం సంగతి ఆడవాళ్లకు చెప్పాలని కనెటికట్ రాష్ట్రం 2009లో చట్టం తెచ్చింది. 2024 సెప్టెంబరు నుంచి దేశమంతటా దట్టం సంగతి రాసివ్వడం తప్పనిసరైంది. మన దేశంలో అలాంటి చట్టం లేదు.

మన దగ్గర పరిస్థితి వేరు. భారతీయ స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్యులకన్నా సుమారు పదేళ్లు ముందే వస్తుంది. ఆ వయసుకు రొమ్ము ఇంకా దట్టంగానే ఉంటుంది. కాబట్టి, నా లెక్కన, ఇక్కడివాళ్లకు ‘ప్రమాదం ఎన్ని రెట్లు’ అన్నదానికన్నా ‘ఎక్స్‌రేకు ఎంత కనిపించింది’ అన్నదే ముఖ్యం. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రీ మొదలైంది, చిత్తూరువాళ్లకు వెల్లూరు సీఎంసీ పక్కనే. కానీ పల్లెల్లో జాతీయ కార్యక్రమం కింద 30 దాటినవాళ్లకు చేసేది చేతి పరీక్షే. ముంబైలో సుమారు లక్షన్నర మంది మీద ఇరవై ఏళ్లు నడిచిన టాటా మెమోరియల్ అధ్యయనంలో, ఆరోగ్య కార్యకర్తల చేతి పరీక్షతో 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్న వయసువాళ్లలో అంత మేలు కనిపించలేదు.

సి, డి వచ్చినవాళ్లకు డాక్టర్లు సాధారణంగా అల్ట్రాసౌండ్ కూడా రాస్తారు. డి ఉన్నవాళ్లకు ఎంఆర్ఐ కలిపితే రెండు పరీక్షల మధ్య బయటపడే క్యాన్సర్లు సగానికి తగ్గాయని నెదర్లాండ్స్ అధ్యయనం 2019లో చూపింది. అందరికీ ఎంఆర్ఐ అంటే మన ఖర్చుల్లో అయ్యే పని కాదు. రిపోర్టు నార్మల్ అని ఉన్నా చేతికి కొత్తగా గడ్డ తగిలితే మాత్రం వచ్చే ఏడాది మామోగ్రామ్ దాకా ఆగకుండా డాక్టరుకు చూపించాలి.